కవచం పట్టుకున్న ఫైలు

వేమగిరిపేట జిల్లా ధ్రువపత్రాల కార్యాలయంలో కంప్యూటర్లకు వైరస్ రావడం లేదన్న సంగతి ఎలాగో పైవాళ్ళకు తెలిసిపోయింది. ఊరికి కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

అంతకు ముందు ఏడాది ఎక్కడో ఒక ఆఫీసులో కంప్యూటర్ తెర నల్లబడి, దాని మీద ఎర్ర అక్షరాలు వచ్చాయట. ఏ ఆఫీసు, ఏం అక్షరాలు అన్నది చూసినవాళ్ళు లేరు గానీ శాఖ మొత్తానికి చెమటలు పట్టాయి. వెంటనే వైరస్‌లను పట్టి, తీసిపారేసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. దాని పేరు కవచం. కొన్నాక అది పనిచేస్తోందో లేదో తెలియాలి కదా! మొక్కలు నాటడానికి లక్ష్యం ఉన్నట్టే, మరుగుదొడ్లు కట్టడానికి లక్ష్యం ఉన్నట్టే, ప్రతి ఆఫీసూ నెలకు ఇన్ని వైరస్‌లు పట్టి తీరాలని లక్ష్యం పెట్టారు.

వేమగిరిపేట అధికారి చిదానందం గారు శుభ్రత గల మనిషి. పెన్‌డ్రైవ్ దూర్చే కన్నాలన్నిటికీ లక్కతో సీలు వేయించారు. దాంతో ఆయన జిల్లా నుంచి నెల నెలా సున్నాయే వెళ్ళేది. వీడియో సమావేశంలో కమిషనర్ గారు ఆయన్ను నిలబెట్టి కడిగేశారు.

"వైరస్ లేదు అంటే అర్థమేమిటండీ? వెతకలేదని అర్థం. పక్క జిల్లాకు దొరికింది మీకెందుకు దొరకదు? వాళ్ళ వైరస్ బస్సెక్కి మీ ఊరు రాలేదా?"

చిదానందం గారు ఆ పూట భోజనం చెయ్యలేదు. కంప్యూటర్ ఆపరేటర్ సత్తిరాజును పిలిచి కవచం లోపల ఏమేం మీటలున్నాయో చూడమన్నారు. అందులో అనుమానం పాళ్ళు పెంచే ఏర్పాటు ఒకటి ఉంది. మామూలు, జాగ్రత్త, అతి జాగ్రత్త, ఎవరినీ నమ్మను. చిదానందం గారు ఆఖరిది నొక్కించారు.

ఆ నెల జిల్లా వంద శాతం సాధించింది.

నూకాలమ్మ వీధిలో చీరలకు ఫాల్స్ కుట్టి పీకో చేసే మంగతాయారుకు ఈ సంగతులేవీ తెలియవు. తెలిసి ఉంటే ఆవిడ భయపడేది. తెలియకపోయినా భయపడుతూనే ఉంది. ఆవిడకు శుభవార్త చెప్పాలన్నా "కంగారు పడకు" అని మొదలుపెట్టాలి. అలా మొదలుపెడితే ఇంకా కంగారు పడుతుంది, అది వేరే సంగతి. మొగుడు వీర్రాజు రైసుమిల్లులో బాయిలరు దగ్గర పని. కూతురు లిఖితకు మత్స్య పాలిటెక్నిక్‌లో సీటొచ్చేంత ర్యాంకు వచ్చిందని తెలిసిన రోజున వీధంతా సంతోషించింది. మంగతాయారు మాత్రం "అది వేరే లిఖిత ర్యాంకేమో, సరిగ్గా చూశావా?" అని పిల్లను మూడు చోట్ల చూపించుకురమ్మంది.

సీటు ఖాయం కావాలంటే శుక్రవారం నాటికి కాలేజీలో స్థానికత ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు పోయినట్టే. దరఖాస్తు పెట్టారు. పత్రం తయారై కంప్యూటర్లో ఫైలుగా కూర్చుంది. అధికారి గారి సంతకం పడటమే తరువాయి. మంగతాయారు మనసు ఊరుకోలేదు. పొద్దున్నే ఆఫీసు తలుపులు తీసేసరికి కిటికీ దగ్గర ఉండేది. "ఉందా బాబూ? ఏదీ, ఒక్కసారి తెరిచి చూపించు" అనేది. సత్తిరాజు తెరిచి చూపించేవాడు. మధ్యాహ్నం మళ్ళీ వచ్చేది. "పొద్దున్న ఉందిలే గానీ, ఇప్పుడుందా?"

ఆ సోమవారం సత్తిరాజు ఆవిడ మొహంలోకి చూడలేదు.

"ఉందండి. కానీ లోపలుందండి."

"లోపలంటే?"

"కవచం పట్టేసిందండి. లాకప్‌లో ఉంది."

మంగతాయారు కిటికీ చువ్వలు పట్టుకుంది. "మా అమ్మాయా? ఇప్పుడే కదయ్యా తలదువ్వి వచ్చాను!"

"అమ్మాయి గారు కాదండీ బాబూ. ఆవిడ ఫైలు. అనుమానం ఉన్న ఫైళ్ళను కవచం ఒక గదిలో పెట్టి తాళం వేస్తదండి. దానికేదో ఇంగ్లీషు పేరుంది, మేం లాకప్ అంటాం."

"అది ఏం చేసిందని?"

"నడవడి బాగోలేదంటండి."

తెర ఆవిడ వైపు తిప్పాడు. లిఖిత పేరు పక్కన ఎర్రటి గళ్ళలో ఇలా ఉంది: 'ప్రవర్తన అనుమానాస్పదం. కారణం లేకుండా ఈ ఫైలును మాటిమాటికీ తెరుస్తున్నారు. ఏదో ఉంది.'

"ఎవరు బాబూ తెరిచింది? ఆడి చేతులు పడిపోనూ!"

"నేనేనండి."

"నువ్వా! నువ్వెందుకు తెరిచావయ్యా?"

"మీరు పూట పూటా వచ్చి తెరిచి చూపించమంటేనండి."

మంగతాయారు అక్కడే అరుగు మీద కూలబడింది.

కబురు తెలిసి లిఖిత ఇంటినుంచి పరుగెత్తుకొచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని చిదానందం గారి గదిలోకి లాక్కెళ్ళింది. ఆయన కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ చూశారు.

"చూడండమ్మా. సదరు ఫైలు అనుమానితులలో చేర్చబడినది. చేర్చబడినదానిని తీసివేయుటకు నిబంధనలలో వెసులుబాటు లేదు."

"అది పిల్ల సర్టిఫికెట్టండి బాబూ. దానికేం తెలుసండి?"

"ప్రతి వైరసూ మొదట సర్టిఫికెట్టువలెనే కనిపించునమ్మా. లేనిచో లోపలికి ఎవరు రానిస్తారు?"

ఆ మాట నిజమేననిపించింది మంగతాయారుకు. ఆవిడకు భయం కలిగించే మాట ఏదైనా నిజమేననిపిస్తుంది.

"సార్, నేనిక్కడే ఉన్నాను కదా. నేనెవరో మీకు తెలుస్తోంది కదా. ఇంకోటి కొత్తది రాసివ్వచ్చు కదండీ?" అంది లిఖిత.

"అమ్మాయీ, నీవు ఉన్నావన్నది నీ వ్యక్తిగత విషయము. నీ ఫైలు లోపల ఉండగా నీ పేరుతో మరొక ఫైలు పుట్టినచో దానిని కవచం అసలు ఉపేక్షించదు." కాస్త ఆలోచించి, దయగల మనిషి కాబట్టి, ఒక దారి చెప్పారు. "ఇద్దరు గెజిటెడ్ అధికారుల నుండి సచ్ఛీలత పత్రములు తీసుకురండి. సదరు ఫైలు తమకు వ్యక్తిగతముగా తెలియుననియు, దాని నడవడి సంతృప్తికరమనియు వారు రాయవలెను."

మంగతాయారుకు తెలిసిన గెజిటెడ్ అధికారి పశువుల డాక్టరు ఒక్కరే. తల్లీకూతుళ్ళు వెళ్ళేసరికి ఆయన ఒక గేదె మెడ మీద సూది గుచ్చుతున్నారు. సంగతంతా విని సూది పక్కన పెట్టారు.

"గేదెకైనా పళ్ళు చూసి సంతకం పెడతానమ్మా. ఫైలుకి ఏం చూడమంటావు?"

"మా అమ్మాయిని చూడండి సార్. ఇది ఎలాంటిదో దీని ఫైలూ అలాంటిదే."

ఆయన లిఖితను చూశారు, గేదెను చూశారు, సంతకం పెట్టేశారు. "ఈ నెలలో నేను సంతకం పెట్టినవాటిలో వెనక్కి తన్ననిది ఇదొక్కటే" అన్నారు.

లిఖిత చదివిన బడి పెద్ద పంతులమ్మ గారు కూడా గెజిటెడేనని ఆయనే గుర్తుచేస్తే, రెండోది ఆవిడ రాసిచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్ళుగా పిల్లలకు రాస్తున్న చెయ్యి కావడంతో, "నడవడి సంతృప్తికరం, ఆటపాటల్లోనూ చురుకు" అని రాసేసింది. కొంప అక్కడ మునిగింది.

"చురుకు?" అన్నారు చిదానందం గారు, ఆ మాట కింద గీత గీస్తూ. "ఫైలు చురుకుగా ఉండటమేమిటి? పెట్టినచోట ఉండవలెను కదా! దానంతట అది కదిలేదాన్నే వైరస్ అంటారు."

"అయ్యో, ఆవిడ పిల్లను గురించి..."

"విచారణ జరిపించబడును."

విచారణ మర్నాడే జరిగింది. ఫైలు గుణగణాలు ఇరుగుపొరుగుకే తెలుస్తాయి గనుక, కంప్యూటర్లో లిఖిత ఫైలుకు పైన ఉన్న ఫైలు తాలూకు మనిషినీ, కింద ఉన్న ఫైలు తాలూకు మనిషినీ పిలిపించారు. పైన ఉన్నాయన ఊళ్ళో లేడు. కింద ఫైలు సూరమ్మ అనే ముసలమ్మది. పింఛను ఇస్తారనుకుని వచ్చింది.

"నీ ఫైలుకూ సదరు లిఖిత ఫైలుకూ నడుమ ఏమైనా తగాదాలు ఉన్నవా?"

"నా ఫైలు ఎక్కడుందో నాకే తెల్దు నాయనా. దాని పక్కనెవరున్నారో నాకేం తెలుసు?"

"ఎప్పుడైనా మీ ఫైలు జోలికి వచ్చినదా?"

"మా వీధిలోకైతే రాలేదు."

చిదానందం గారు చెప్పుకుంటూ రాసుకున్నారు. "పొరుగువారు సదరు ఫైలును ఎరుగరు. అనగా అది ఎవరితోనూ కలవదు. ఒకరి జోలికి పోదు." కలం ఆగింది. మంగతాయారు గుండె కూడా ఆగినంత పనయింది. "కాబట్టి నిర్దోషి అని తేల్చబడినది."

మంగతాయారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "చల్లగా ఉండు బాబూ. ఎప్పుడు వదుల్తారు?"

"వదలటమా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. గోడ మీది జిల్లా ప్రగతి పటం చూపించారు. "వంద శాతం, చూశారా? మీ ఫైలును వదిలినచో తొంభై తొమ్మిది అగును. ప్రగతి వెనక్కి నడిచిన జిల్లా ఈ రాష్ట్రంలో లేదమ్మా."

"మరి నిర్దోషి అన్నారు కదండీ?"

"నిర్దోషియే. నిర్దోషిగానే లోపల ఉండును."

లిఖిత ఏదో అనబోయింది. తల్లి దాని నోరు మూసింది. పెద్దవాళ్ళకు కోపం వస్తే ఫైలుతో పాటు పిల్లనూ లోపల వేస్తారేమోనని ఆవిడ భయం. గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి సత్తిరాజు వచ్చి గొంతు తగ్గించాడు. "పిన్నిగారండీ, అయ్యగారు ఓ మాట చెప్పమన్నారు. మీ ఫైలుకు బదులు ఇంకో వైరస్‌ని తెచ్చి అప్పగిస్తే లెక్క సరిపోద్దంట. అప్పుడు మీది వదిలేస్తారంట."

"ఎక్కడ దొరుకుతుంది బాబూ?"

"ఇదివరకైతే ఎక్కడ పడితే అక్కడ దొరికేదండి. ఇప్పుడు అన్ని ఆఫీసులకూ కావాలి కదా, కరువొచ్చేసింది."

బస్టాండు పక్కన పెళ్ళి ఫొటోలు తీసే డేవిడ్‌రాజు స్టూడియో ఉంది. ఆయన పెన్‌డ్రైవ్ పెట్టిన కంప్యూటర్ మళ్ళీ మామూలు మనిషి కాలేదని ఊళ్ళో ప్రతీతి. మంగతాయారు వెళ్ళేసరికి ఆయన మెడలో దండ ఉంది.

"ఏం చెప్పమంటావక్కా! మొన్నటిదాకా నా పెన్‌డ్రైవ్ చూస్తే చీపురు తిరగేసేవోరు. ఇప్పుడు జీపులు పంపుతున్నారు. పొద్దున్నే నీటిపారుదలోళ్ళొచ్చి శాలువా కప్పి, ఉన్న మంచివన్నీ పట్టుకుపోయారు. రేపు విద్యుత్తోళ్ళ సన్మానం."

"ఒక్కటి కూడా లేదా తమ్ముడూ? పిల్ల సీటు పోతుంది." మంగతాయారు కళ్ళు ఒత్తుకుంది.

డేవిడ్‌రాజు మెత్తనివాడు. లోపల డబ్బాలన్నీ వెతికి, మూత ఊడిన పాత పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చాడు. "ఇది నా పాతకాపక్కా. దాచుకున్నాను. ఇందులో పెళ్ళికొడుకు ఉన్నాడు. ఓసారి తెరిచామంటే ఇంక ఆగడు."

మంగతాయారు దాన్ని చేత్తో ముట్టుకోలేదు. స్టీలు డబ్బాలో వేయించుకుని మూత బిగించింది. బస్సెక్కితే పక్కవాళ్ళ ఫోన్లలోకి దూకుతుందేమోనని నడిచే వెళ్ళింది. దారిలో పలకరించినవాళ్ళకు "దూరం, దూరం" అంటూ డబ్బా పక్కకు పెట్టుకుంది.

ఆఫీసులో పంచనామా రాసి, సాక్షుల సమక్షంలో ఒక కంప్యూటర్ లక్క పగలగొట్టారు. సత్తిరాజు పెన్‌డ్రైవ్ గుచ్చాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత సూటు వేసుకున్న పెళ్ళికొడుకు ఒకడు తెర ఎడమవైపు నుంచి చేతులు జోడించుకుని వచ్చి, పూలవానలో నడిచి, కుడివైపు నుంచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎడమవైపు నుంచి వచ్చాడు. పక్క కంప్యూటర్లోకి నడిచాడు. ఆ పక్కదానిలోకి నడిచాడు. కాసేపటికి ఆఫీసులో పెళ్ళికొడుకు లేని తెర లేదు.

"ఇదిగో వైరస్! ఇదిగో వైరస్!" అంది మంగతాయారు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక కీడును చూసి సంతోషిస్తూ.

అందరూ కవచం వైపు చూశారు. కవచం చాలాసేపు వెతికి, చల్లని పచ్చరంగులో జవాబు చెప్పింది: 'ఏ ముప్పూ లేదు. మీరు క్షేమం.'

"వైరస్ కాదు" అన్నారు చిదానందం గారు.

"కనిపిస్తున్నాడు కదండీ బాబూ!"

"కనిపించుటకూ ఉండుటకూ తేడా ఉన్నదమ్మా. కవచం లేదన్నాక లేదు. కళ్ళను నమ్మే పద్ధతి మన శాఖలో లేదు."

పెళ్ళికొడుకు ఆయన రాస్తున్న ఉత్తరం మీదుగా నడిచి వెళ్ళాడు. ఆయన మర్యాదగా ఆగి, అతను వెళ్ళాక మళ్ళీ రాసుకున్నారు. సాయంత్రానికి మిగతా ఉద్యోగులూ అలవాటు పడిపోయారు. అతను కుడివైపు వెళ్ళి ఎడమవైపు నుంచి వచ్చే లోపల రెండు మాటలు టైపు చేసుకోవచ్చు.

బుధవారం రాత్రి మంగతాయారుకు కునుకు లేదు. గురువారం పొద్దున్నే చిదానందం గారి ముందు నిలబడింది. చీర కొంగు నలిపేస్తోంది.

"సార్, ఒక మాటడుగుతాను, తప్పైతే క్షమించండి. ఆ పెళ్ళికొడుకును వదిలేసి మా పిల్లను పట్టుకుంది. కంచే చేను మేస్తోందేమోనండి? ఆ కవచమే వైరస్‌ల మనిషైతే?"

చిదానందం గారి మొహం పాలిపోయింది. అది నిజమేమోనన్నది ఆయన భయం కాదు. ఆడిట్ వాళ్ళు వచ్చి, అందరినీ తనిఖీ చేసే కవచాన్ని తనిఖీ చేసినదెవరు అని అడిగితే చూపించడానికి ఏమీ లేదన్నది ఆయన భయం.

"సత్తిరాజూ! బీరువాలో ఇంకొక కంపెనీ వాళ్ళు నమూనాకు ఇచ్చినది ఉన్నది కదా, దాని పేరేమిటి?"

"కుండలం అండి."

"కవచం ఉన్నచోట కుండలం ఉండటం శాస్త్రసమ్మతమే. పెట్టించు. అనుమానం ఆఖరి మెట్టు మీద ఉంచు."

కుండలం లోపలికి వెళ్ళి చుట్టూ చూసింది. చూస్తూనే ఎర్రబడింది. 'కవచం అనే అపరిచితుడు ప్రతి ఫైలులోకీ తొంగిచూస్తున్నాడు. పట్టుకున్నాను.' అప్పటిదాకా ఎవరూ తన ఒంటి మీద చెయ్యి వెయ్యని కవచం ఊరుకుంటుందా! తాళం విడిపించుకుని వచ్చి, 'కుండలం అనేది రక్షకులనే బంధిస్తోంది. ఇది వైరస్ లక్షణం. పట్టుకున్నాను' అంది. కుండలం బయటపడి కవచాన్ని పట్టుకుంది. కవచం బయటపడి కుండలాన్ని పట్టుకుంది. పట్టుకున్న ప్రతిసారీ లెక్కలో ఒకటి పెరిగింది. వాళ్ళిద్దరి మధ్యనుంచీ పెళ్ళికొడుకు చేతులు జోడించుకుని నిదానంగా వెళుతూ వస్తూ ఉన్నాడు.

మధ్యాహ్నం వీడియో సమావేశంలో కమిషనర్ గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"వేమగిరిపేట! ఇదేమిటండీ, నాలుగు వేల శాతమా?"

"మాట్లాడుతూండగానే ఐదు దాటినదండి. అంతా తమ మార్గదర్శకత్వం."

"ఏం వైరసండీ అది?"

"చాలా మొండిదండి. పట్టినకొద్దీ పుడుతోంది."

"శభాష్! మిగతా జిల్లాల వాళ్ళు వింటున్నారా? సిగ్గు తెచ్చుకోండి. ఇంకా ఏమైనా విశేషముందా?"

"ఒక అనుమానిత ఫైలును విచారించి, సాక్షులను పిలిచి, నిర్దోషి అని తేల్చితిమండి."

కమిషనర్ గారు కుర్చీలో ముందుకు జరిగారు. "విచారించి తేల్చిన ఫైలా? అలాంటివి రాష్ట్రం మొత్తం మీద ఎన్ని ఉన్నాయి?"

"ఒక్కటేనండి."

"అంటే మిగతావన్నీ ఎవరూ పరీక్షించనివే కదా! ఒక్కసారైనా పట్టుబడని ఫైలుకు నిజాయితీ ఉందని ఎలా నమ్మటం? ఈ క్షణం నుంచీ ఉత్తర్వు. పట్టుబడి, నిర్దోషి ముద్ర వేయించుకున్న పత్రమే చెల్లుతుంది. ముద్ర లేనిది ఏ కాలేజీ తీసుకోకూడదు. మీ దగ్గరున్న ఆ మొదటిదాన్ని వెంటనే విడుదల చెయ్యండి."

ఐదు వేల శాతంలో ఒకటి తగ్గితే ఎవరికీ తెలియదు గనుక చిదానందం గారు ఆనందంగా సంతకం పెట్టారు. ముద్ర మాత్రం అప్పటికప్పుడు చెక్కించారు. అయితే లిఖిత ఫైలు ఉన్న గది తాళం కవచం దగ్గర ఉంది. కవచం కుండలం లాకప్‌లో ఉంది. అది బయటికి వచ్చి, కుండలాన్ని పట్టుకుని, మళ్ళీ తాను పట్టుబడే లోపల రెప్పపాటు సందు. ఆ సందులో సత్తిరాజు మీట నొక్కాలి.

"ఇప్పుడు నొక్కు!" అన్నారు చిదానందం గారు.

"పెళ్ళికొడుకు అడ్డమొచ్చాడండి!"

"ఇప్పుడు!"

"మళ్ళీ పట్టుబడిపోయిందండి!"

మంగతాయారు కళ్ళు మూసుకుని ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కింది. ఎవరికి మొక్కడం మర్చిపోతే వాళ్ళకు కోపం వస్తుందోనని పక్క ఊరి వాళ్ళనూ కలిపింది. ఎక్కడో మూల ప్రింటర్ గుర్రుమంది.

శుక్రవారం కాలేజీ హాలు కిటకిటలాడుతోంది. పిల్లలు, తల్లిదండ్రులు, ఫైళ్ళు, మంచినీళ్ళ సీసాలు. లిఖిత పత్రం మీద అరచేతి మందాన ముద్ర ఉంది: 'పట్టుబడినది. విచారించబడినది. నిర్దోషి.' మిగతా అందరి పత్రాలూ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. మంగతాయారు ఆ ముద్ర కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు లోకులు. పిల్లకు రేపు సంబంధాలు ఎలా వస్తాయి?

బల్ల దగ్గర గుమాస్తా లిఖిత కంటే ముందున్న పిల్లవాడి కాగితం తిప్పి చూశాడు.

"ఇది ఎప్పుడైనా పట్టుబడిందా?"

"లేదండీ! మా వంశంలోనే ఎవరూ పట్టుబడలేదు" అన్నాడు తండ్రి గర్వంగా.

"అయితే చెల్లదు. వెళ్ళి పట్టుబడి రండి. తరువాత!"

తరువాతి వాళ్ళదీ అంతే. ఆ తరువాతి వాళ్ళదీ అంతే. హాల్లో ఏడుపులు, అరుపులు మొదలయ్యాయి. లిఖిత వంతు వచ్చింది. గుమాస్తా ముద్ర చూశాడు. లేచి నిలబడ్డాడు. పత్రాన్ని రెండు చేతులతో అందుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పట్టుకెళ్ళాడు.

ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చారు. "అభినందనలమ్మా. ఈ ఏడాది మా కాలేజీలో మొదటి ర్యాంకు మీ అమ్మాయిదే. చివరి ర్యాంకు కూడా మీ అమ్మాయిదే అనుకోండి."

"అంటే బాబూ?"

"ఒక్కతే చేరింది. మిగతావాళ్ళు పట్టుబడి వచ్చేదాకా మేమందరం ఈ అమ్మాయికే పాఠాలు చెబుతాం."

లిఖిత ఎగిరి గంతేసింది. తల్లిని కావలించుకుని గిరగిరా తిప్పింది. మంగతాయారు కూడా నవ్వింది. ఆ నవ్వు హాస్టల్ చూసేదాకా ఉంది.

హాస్టల్ ఊరి బయట, చేపల చెరువుల నడుమ గట్టు మీద ఉంది. ముందూ నీళ్ళే, వెనకా నీళ్ళే. పొడుగాటి వరండా, వరసగా తాళాలు వేసిన తలుపులు, చివరన ఒక్క గది తెరిచి ఉంది. అందులో ఖాళీ మంచాల మధ్య ఒక్క మంచం మీద దుప్పటి పరిచి ఉంది. కిటికీ తీస్తే కిందనే చెరువు.

"సీటొచ్చింది కదమ్మా! ఇంకా ఏంటి ఆ మొహం?" అంది లిఖిత.

"ఒక్కదానివే పడుకుంటావా ఇక్కడ?"

"వార్డెనమ్మ ఉంటుంది కదా."

"ఆవిడకు చెవుడులా ఉందే. రెండుసార్లు పిలిస్తే గానీ పలకలేదు. నువ్వు కాలుజారి కేకేస్తే?"

"నేనెందుకు జారతానమ్మా!"

"జారేవాళ్ళెవరూ చెప్పి జారరు" అంది మంగతాయారు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకుంది. "కోరుకున్నది దొరికింది కదే, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు వీర్రాజు. ఏం కావాలో ఆవిడ అప్పుడే ఆలోచిస్తోంది.

మర్నాడు ధ్రువపత్రాల కార్యాలయం ముందు జనం రోడ్డు దాకా ఉన్నారు. కాలేజీలో ముద్ర లేని వాళ్ళకు కొంత గడువు ఇచ్చారు. కవచం, కుండలం ఒకదాన్నొకటి పట్టుకోవడంలో మునిగిపోయి మనుషుల ఫైళ్ళ వైపు చూడటం మానేశాయి. అందుకని దీన్ని పట్టుకోండి అని ఎవరైనా పెద్దమనిషి నోటిమాటగా ఫిర్యాదు చేస్తే చేత్తో పట్టి లోపల వెయ్యొచ్చని చిదానందం గారు వెసులుబాటు ఇచ్చారు. సొంతవాళ్ళ మాట చెల్లదు. బయటివాళ్ళు అనుమానించాలి.

"మావాణ్ణి ఎవరైనా అనుమానించండయ్యా, మీకు పుణ్యముంటుంది" అని ఒకాయన వచ్చేపోయేవాళ్ళను బతిమాలుతున్నాడు. గోడవారగా ఒక తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పక్కన లిఖిత ఈడు పిల్ల, జడ పట్టుకుని నిలబడి ఉంది.

మంగతాయారు వాళ్ళ ముందు ఆగింది. పిల్లను కిందినుంచి పై దాకా చూసింది.

"ఏ కాలేజీ అండీ?"

"చేపల కాలేజీయేనండి. మా అమ్మాయి బంగారమండీ. ఎవరూ ఒక్క మాట అనరు. అదే మా ఖర్మ."

"రాత్రిళ్ళు గట్టిగా నిద్రపోతుందా?"

"లేదండి. చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చుంటుంది."

మంగతాయారు మొహంలో కొంచెం రంగు వచ్చింది. "ఈత వచ్చునా?"

"కాలవగట్టు మీద పుట్టినదండీ. చేపలాగా ఈదుతుంది."

మంగతాయారుకు అది చాలు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి చువ్వల్లోంచి మొహం లోపలికి పెట్టింది.

"బాబూ సత్తిరాజూ, ఈ పిల్ల ఫైలు మీద నాకెందుకో చాలా అనుమానంగా ఉంది. నా పేరు రాసుకుని, దాన్ని కాస్త పట్టుకో నాయనా."